రైఫిల్ ఛాంబర్ కొలవడానికి ఏ గేజ్ కొనాలి? ఆటోనగర్ లేత్ దగ్గర కూర్చుని చేసిన పోలిక

ఆదివారం ఉదయం ఏడున్నరకి షాపు తాళం తీస్తుంటే ఫోన్ మోగింది. గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా అక్క కొడుకు. వాడుండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. వాడికి అప్పుడు శనివారం రాత్రి తొమ్మిది. హలో అనకుండానే నాలుగు వస్తువుల ఫోటోలు పంపి, "మావయ్యా, ఈ నాలుగిట్లో ఏది కొనను?" అన్నాడు.

వాడికి .308 విన్‌చెస్టర్ బోల్ట్ రైఫిల్ ఉంది. వారం వారం రేంజికి వెళ్ళి వంద గజాల మీద కాగితం టార్గెట్ కొడతాడు. ఈ మధ్య రౌండ్లు, అంటే తూటాలు, సొంతంగా నింపుకోవడం మొదలుపెట్టాడు. బుల్లెట్‌ని కేస్‌లోకి, అంటే తూటా గొట్టంలోకి, ఎంత లోతు దించాలో తేల్చుకోవాలంటే ముందు తన రైఫిల్ ఛాంబర్‌ని, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిని, కొలవాలి. ఆ కొలతకి బజార్లో నాలుగైదు పరికరాలున్నాయి, ఒక్కోదాన్ని ఒక్కొక్కరు మెచ్చుకుంటున్నారు. అదీ వాడి టెన్షన్.

నేను జీవితంలో తుపాకీ పేల్చలేదు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళుగా లారీ ఇంజిన్లు రీబోర్ చేస్తున్నాను, లైనర్లు, అంటే సిలిండర్ లోపలి గొట్టాలు, దించుతున్నాను. కానీ వాడు అడిగింది నాకు కొత్త సంగతేమీ కాదు. లైనర్ కాలర్ కూర్చునే గాడి లోతు ఎంత, కూర్చున్నాక కాలర్ బ్లాక్ పైకి ఎన్ని థౌ లేచి ఉంది అన్నది చూడకుండా హెడ్ బిగిస్తే పదిహేను రోజుల్లో గ్యాస్కెట్ పోయి లారీ మళ్ళీ మన గుమ్మంలోనే ఉంటుంది. కంటికి కనపడని లోపలి మెట్టుని బయటినుంచి కొలవడమే మా పని, వాడి పనీ అదే. థౌ అంటే తెలియనివారికి: అంగుళంలో వెయ్యో వంతు, 0.0254 మిల్లీమీటరు.

ఆ తర్వాత ఐదు ఆదివారాలు వీడియో కాల్లో కూర్చున్నాం. చేతులు వాడివి, నోరు నాది. అక్కడున్న మనవాళ్ళలో ఈ సరదా ఉన్నవారు ఇంకా ఉన్నారని వాడు చెప్పాడు కాబట్టి మాకు తేలిందంతా రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. ఇది ఇక్కడ, మన దేశంలో చేసే పని కాదు. ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. ఆ చట్టంలో మందుగుండు అన్న మాట కిందికి దాని విడిభాగాలూ, తయారు చేసే యంత్రాలూ కూడా వస్తాయి. "ఒక ఖాళీ కేస్ పంపుతాను, నీ లేత్ మీద రంధ్రం వేసి పంపు" అని మావాడు అన్నప్పుడు నేను వద్దన్నది అందుకే. అక్కడి నుంచి వచ్చేటప్పుడు బ్యాగు మూలలో ఒక్క రౌండ్ మర్చిపోయినా గన్నవరం దిగాక ఇంటికి కాదు, పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాల్సి రావచ్చు. అమెరికాలో సొంత వాడకానికి రౌండ్లు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. కానీ హెచ్‌1బి, విజిటర్ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం అక్కడ మామూలుగా నిషేధం. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, అవి లాయర్ని అడిగి తేల్చుకోవాల్సినవి. మావాడికి పౌరసత్వం వచ్చింది కాబట్టి ఆ చిక్కు లేదు.

ఏ పొడుగు కొలుస్తున్నాం?

మొదటి ఆదివారం సగం దీనికే పోయింది. "ఛాంబర్ పొడుగు" అని వాడు ఒకే మాట అంటున్నాడు గానీ అందులో మూడు వేరు వేరు కొలతలున్నాయి.

ఒకటి హెడ్‌స్పేస్. ఛాంబర్‌ని వెనక నుంచి మూసే కడ్డీని బోల్ట్ అంటారు. దాని ముఖం నుంచి ఛాంబర్ భుజం, అంటే సన్నబడే చోటు, మీద ఒక నిర్ణీత వ్యాసం దగ్గరికి దూరం. .308కి ఆ వ్యాసం 0.400 అంగుళం, బోల్ట్ మూసుకోవాల్సిన గో గేజ్ 1.630 అంగుళాలు, మూసుకోకూడని నో-గో 1.634. ఇది రైఫిల్ ఆరోగ్యానికి సంబంధించింది. అనుమానముంటే గన్‌స్మిత్ దగ్గరికి వెళ్ళాల్సిన సంగతి, గరాజ్‌లో తేల్చుకునేది కాదు.

రెండోది బోల్ట్ ముఖం నుంచి ఛాంబర్ మెడ చివరి మెట్టు దాకా. కేస్ కాల్చే కొద్దీ సాగుతుంది. మరీ పొడుగైతే దాని మూతి ఆ మెట్టుకి తగిలి బుల్లెట్‌ని గట్టిగా పట్టేస్తుంది, ప్రెషర్ పెరిగిపోతుంది. .308 కేస్ గరిష్ఠ పొడుగు 2.015 అంగుళాలు, కోసేది 2.005కి.

మూడోది మావాడు అడిగేది. బోల్ట్ ముఖం నుంచి బ్యారెల్ లోపలి గాడులు మొదలయ్యే చోటు వరకు. బ్యారెల్‌లో మెలితిరిగిన కాలువలు ఉంటాయి, వాటి మధ్య గట్లు ఉంటాయి. మన కృష్ణా డెల్టా పొలం లాగానే అనుకోండి. ఇంగ్లీషులో ల్యాండ్స్ అనే ఆ గట్లు మొదలయ్యే దగ్గర బుల్లెట్ ఒళ్ళు మొదటిసారి ఉక్కుకి తగులుతుంది. రౌండ్ ఛాంబర్‌లో కూర్చున్నప్పుడు బుల్లెట్‌కీ గట్టుకీ మధ్య మిగిలిన ఖాళీని జంప్ అంటారు. ఆ ఖాళీ మన చేతిలో ఉండాలంటే గట్టు ఎక్కడుందో తెలియాలి.

పుస్తకంలో .308కి మొత్తం పొడుగు గరిష్ఠంగా 2.810 అంగుళాలు అని ఉంటుంది. అది అన్ని రైఫిళ్ళలో, అన్ని మ్యాగజైన్లలో పట్టడానికి పెట్టిన హద్దు. మీ బ్యారెల్‌లో గట్టు ఎక్కడుందో ఆ అంకె చెప్పదు.

గేజ్ కంటే ముందు కొనాల్సింది

మావాడి కార్ట్‌లో నాలుగు గేజ్‌లున్నాయి గానీ కంపారేటర్ లేదు. నా సలహాలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి: ముందు కంపారేటర్, ఆ తర్వాతే గేజ్ సంగతి.

కారణం బుల్లెట్ ముక్కు. ఒకే డబ్బాలోని పది బుల్లెట్లని వాడి చేత కొలిపించాను. తోక నుంచి కొస దాకా పొడుగులో 14 థౌల తేడా వచ్చింది. హాలో పాయింట్, అంటే కొసలో బొక్క ఉండే బుల్లెట్ల, కొసలు ఫ్యాక్టరీలో అలాగే చిరుగుల్లా ఉంటాయి. అలాంటి కొసని పట్టుకుని రౌండ్ మొత్తం పొడుగు 2 థౌల లోపు సరిచేస్తాననడం, నెత్తి మీద జుట్టుతో కలిపి మనిషి ఎత్తు కొలిచినట్టే. గట్టుకి తగిలేది కొస కాదు. ముక్కు వంపు మీద, ఒళ్ళు పూర్తి లావు చేరడానికి కాస్త ముందుండే వలయం. ఆ వంపుని ఓజైవ్ అంటారు. కంపారేటర్ అంటే ఆ వలయం దగ్గర ఆనుకునే రంధ్రం ఉన్న చిన్న ఇన్‌సర్ట్. కాలిపర్ (దవడల మధ్య పట్టి కొలిచే పనిముట్టు) దవడకి బిగించి, రౌండ్ అడుగు నుంచి ఆ వలయానికి కొలుస్తారు. అదే పది బుల్లెట్లు ఇన్‌సర్ట్‌తో కొలిస్తే తేడా 3 థౌలకి దిగింది.

అయితే ఇన్‌సర్ట్ రంధ్రం ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది, ఒకే కంపెనీలో కూడా పీసు పీసుకీ కాస్త తేడా ఉంటుంది. కాబట్టి మీ 2.245 పక్కవాడి 2.245 కాదు. ఎవరి అంకెలు వాళ్ళ కంపారేటర్‌కే చెల్లుతాయి. ఎవరో ఇచ్చిన ఓజైవ్ కొలతని మీ రైఫిల్‌కి తెచ్చి పెట్టుకోవద్దు.

కాలిపర్ గురించి రెండు మాటలు. డిజిటల్ తెరమీద అర థౌ కనపడినంత మాత్రాన అది అర థౌ కొలుస్తున్నట్టు కాదు. మంచి 6 అంగుళాల కాలిపర్‌కి కూడా ఒక థౌ అటూ ఇటూ మామూలే. పైగా కంపారేటర్ దవడ పక్కకి వేలాడుతుంది, స్కేలు గీతలో ఉండదు. బొటనవేలితో కాస్త గట్టిగా నొక్కితే దవడ వంగి 2 థౌలు తేడా చూపిస్తుంది. నా దగ్గర మిటుటోయో కాలిపర్ పదిహేనేళ్ళుగా ఉంది. మా కుర్రాడి చేతిలో అదే కాలిపర్ వేరే కొలత ఇస్తుంది. అందుకే మావాడికి కొత్త కాలిపర్ కొనమనలేదు. ఉన్నదానితోనే ఒకే రౌండ్‌ని ఇరవైసార్లు కొలిచి, అన్నీ ఒక థౌ లోపు వచ్చేదాకా చేయి అలవాటు చేసుకోమన్నాను. వాడు విసుక్కున్నాడు. పదిహేడోసారికి వచ్చాయి.

దాదాపు ఖర్చు లేని పద్ధతి: రాడ్డు, రెండు కాలర్లు

నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. రైఫిల్ ఖాళీగా ఉందని కంటితో, వేలితో రెండుసార్లు చూసుకోవాలి. ఇక్కడి నుంచి చెప్పే ఏ పద్ధతికైనా మొదటి మెట్టు అదే, మళ్ళీ మళ్ళీ రాయను. బోల్ట్ మూసి, బ్యారెల్ మూతి నుంచి చదును కొస ఉన్న క్లీనింగ్ రాడ్డు దించి బోల్ట్ ముఖానికి ఆనించాలి. రాడ్డు మీద డ్రిల్ బిట్లకి వాడే స్టాప్ కాలర్లు రెండు ఎక్కించి ఉంచుకోవాలి. ముందు కాలర్ మూతికి, వెనక కాలర్ దానికి ఆనేలా జరిపి, వెనకదాన్ని మాత్రమే బిగించాలి. ఇప్పుడు బోల్ట్ తీసేసి, ఒక బుల్లెట్‌ని ఛాంబర్ వైపు నుంచి గట్టుకి తగిలేదాకా వేసి, వెనక నుంచి చెక్క పుల్లతో మెల్లగా ఆపి పట్టాలి. రాడ్డుని మళ్ళీ దించి బుల్లెట్ కొసకి ఆనించి, ముందు కాలర్‌ని మూతికి ఆనించి బిగించాలి. రెండు కాలర్ల మధ్య ఖాళీయే, ఆ బుల్లెట్ గట్టుకి తాకినప్పుడు రౌండ్ మొత్తం పొడుగు.

కేస్ ప్రమేయమే లేదు చూశారా! హెడ్‌స్పేస్ తేడాలు ఇందులోకి రావు. నేరుగా బోల్ట్ ముఖం నుంచి కొలుస్తున్నాం. మా బ్లాక్ మీద డెప్త్ మైక్రోమీటర్ పెట్టినట్టే ఉంటుంది.

కానీ మొదటిసారి మావాడు తెచ్చిన అంకె 2.810. ఆ రైఫిల్‌కి గొంతు, అంటే గట్లు మొదలయ్యే ముందు భాగం, అంత పొట్టిగా ఉంటుందా అని నాకు అనుమానం. మళ్ళీ కొలిస్తే 2.811. ఒకే తప్పు రెండుసార్లు చేస్తే రెండుసార్లూ ఒకే అంకె వస్తుంది, అందులో వింత లేదు. బోల్ట్ తీసి మళ్ళీ పెట్టి చేయమన్నాను. ఈసారి 2.866. యాభై ఐదు థౌలు! మిల్లీమీటరున్నర దగ్గర. కాల్ కట్ చేయకుండా ఇద్దరం కాసేపు బిత్తరపోయి చూసుకున్నాం.

దొంగ దొరికింది. మొదటిసారి వాడు బోల్ట్ మూసి ట్రిగర్ నొక్కి వదిలేశాడు. తూటా అడుగుని కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ బోల్ట్ ముఖం దాటి ముందుకి పొడుచుకుని ఉంది. రాడ్డు ఆనింది బోల్ట్ ముఖానికి కాదు, పిన్ కొసకి. బోల్ట్ కాక్ చేసి, అంటే పిన్ వెనక్కి లాగి, ఉన్నప్పుడే కొలవాలి, లేదా పిన్ తీసేయాలి. ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, మేం కూడా ముందు ఆలోచించలేదు.

ఈ పద్ధతికి రెండు లోపాలున్నాయి. ఇచ్చేది కొస దాకా పొడుగు, కాబట్టి కొలిచిన అదే బుల్లెట్‌ని మందూ, దాన్ని అంటించే ప్రైమరూ లేని డమ్మీ కేస్‌లో ఆ పొడుగుకి దించి, అప్పుడు కంపారేటర్‌తో ఓజైవ్ అంకెలోకి మార్చుకోవాలి. వేరే బుల్లెట్‌తో చేస్తే ముక్కుల తేడా అంతా లెక్కలోకి వచ్చేస్తుంది. రెండోది, ఉక్కు రాడ్డు బ్యారెల్ మూతి అంచుకి రాసుకుంటే గురి చెడుతుంది. ప్లాస్టిక్ పూత ఉన్నదో, మూతికి గైడు పెట్టో దించాలి. మావాడికి ఓజైవ్ దగ్గర వచ్చింది 2.246.

అందరూ కొనేది: మరలున్న కేస్, లోపల తోసే పుల్ల

హార్నడీ లాక్-ఎన్-లోడ్ గేజ్ ఇదే. పాతకాలపు వాళ్ళు స్టోనీ పాయింట్ అని కూడా అంటారు. అడుగున మరలు తీసిన ఒక కేస్‌ని గొట్టం కొసకి బిగిస్తారు, అందులో బుల్లెట్ వదులుగా కూర్చుంటుంది. దాన్ని ఛాంబర్‌లోకి తోసి, లోపలి పుల్లతో బుల్లెట్‌ని గట్టుకి తాకేదాకా జరిపి, స్క్రూ బిగించి బయటికి తీసి కొలవడమే. బోల్ట్ రైఫిళ్ళకి తిన్నటిది, లీవర్, సెమీ ఆటోమేటిక్ వాటికి వంపు తిరిగినది వేరేగా దొరుకుతాయి. మావాడి స్నేహితుడిది అరువు తెచ్చాడు.

ఐదుసార్లు తీశాడు: 2.241, 2.238, 2.243, 2.241, 2.240. వేగంగా అవుతుంది, ఐదు రీడింగులకి పది నిమిషాలు పట్టలేదు. చెదురు ఎక్కడి నుంచి వచ్చిందంటే వేలి నుంచి. గట్టిగా తోస్తే బుల్లెట్ గట్టులోకి రెండు మూడు థౌలు దిగబడుతుంది. "గోడకి తగిలినట్టు కాదురా, చీమ మీద వేలు పెట్టినట్టు తాకించు" అన్నాను. ఆ తర్వాతవి ఒక థౌ లోపు వచ్చాయి. ఛాంబర్‌లో మసి పేరుకుని ఉంటే అదీ తప్పు చూపిస్తుంది, కాబట్టి ముందు శుభ్రం చేయాలి.

అయినా రాడ్డుతో వచ్చిన 2.246కీ దీని 2.240కీ మధ్య 6 థౌలు ఎందుకు? ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. కంపెనీ ఇచ్చే ఆ కేస్ కొత్తది, దాని భుజం మీ ఛాంబర్‌లో కాలిన కేస్ భుజం కంటే కాస్త వెనక ఉంటుంది. భుజానికి భుజం ఆనేదాకా తోస్తాం కాబట్టి దాని అడుగు బోల్ట్ ముఖం ఉండే చోటు కంటే ఆ మేరకు ముందుకి వెళ్తుంది. కొలత అంత తక్కువ వస్తుంది. విరుగుడు ఇదీ: హెడ్‌స్పేస్ కంపారేటర్‌తో ఆ కేస్ భుజాన్నీ, మీ రైఫిల్లో కాలిన కేస్ భుజాన్నీ కొలిచి తేడాని కలుపుకోవాలి. వాడికి తేడా 5 థౌలు. 2.240కి 5 కలిపితే 2.245. రాడ్డు అంకెకి ఒక థౌ దూరం. లారీ ఇంజిన్‌లో కూడా రెండు వేరే దారుల్లో వెళ్ళి ఒక థౌ లోపు కలిస్తే నేను చేతులు దులుపుకుని టీ తాగడానికి వెళ్తాను.

సొంత కేస్‌కే రంధ్రం వేసి మర తీయించుకుంటే ఈ కూడిక అవసరం లేదు. కానీ ఆ మర 5/16-36, మామూలు హార్డ్‌వేర్ షాపులో దొరికే సైజు కాదు. ఆ ట్యాప్ ప్రత్యేకంగా తెప్పించుకోవాలి, లేదా ఆ పని చేసిపెట్టేవాళ్ళకి కేస్ పంపాలి. అక్కడే, ఇక్కడికి కాదు.

చీల్చిన మెడ కేస్

కాలిన కేస్ మెడని సన్నటి రంపంతో రెండు చోట్ల చీల్చి, బుల్లెట్‌ని పొడుగ్గా పెట్టి, బోల్ట్ మెల్లగా మూస్తే గట్టు బుల్లెట్‌ని వెనక్కి తోస్తుంది. తీసి కొలవాలి. చెప్పుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. మావాడికి 2.236 నుంచి 2.252 దాకా వచ్చాయి. తీసేటప్పుడు బుల్లెట్ గట్టుకి అంటుకుని బయటికి కాస్త జారుతుంది, లేదా కేస్‌ని బయటికి నెట్టే ఎజెక్టర్ పక్కకి తోస్తే అంచుకి కొట్టుకుని లోపలికి పోతుంది. బుల్లెట్ మీద మార్కర్‌తో గీత పెట్టి జారిందో లేదో చూడొచ్చు గానీ అప్పటికి ఓపిక పోతుంది. దీన్ని నేను ఎవరికీ చెప్పను. బుల్లెట్‌కి మసి పూసి గుర్తులు చూసే పాత పద్ధతి కూడా ఇంతే, సరిచూసుకోవడానికి తప్ప కొలవడానికి పనికిరాదు.

బోల్ట్ విప్పే పద్ధతి

బోల్ట్ లోంచి ఫైరింగ్ పిన్, ఎజెక్టర్ తీసేస్తారు. మందూ ప్రైమరూ లేని డమ్మీ రౌండ్‌లో బుల్లెట్‌ని కావాలని పొడుగ్గా పెట్టి బోల్ట్ మూస్తారు. గట్టుకి తగులుతున్నంతసేపు హ్యాండిల్ కాస్త పట్టేస్తుంది, పైకి ఎత్తేటప్పుడు సన్నగా టిక్ మంటుంది. రెండేసి థౌలు లోపలికి దించుకుంటూ వస్తే ఒక చోట ఆ టిక్ పోయి, హ్యాండిల్ తన బరువుకే జారి పడుతుంది. అదే గట్టు మొదలు.

ఇది చేతి బలం మీద ఆధారపడదు కాబట్టి అన్నిటికంటే నమ్మకమైనది. మావాడు మూడు రోజులు వేరు వేరుగా చేస్తే 2.244, 2.244, 2.245. కానీ ముందు బుల్లెట్ లేని ఖాళీ కేస్ పెట్టి హ్యాండిల్ స్వేచ్ఛగా పడుతోందో లేదో చూడాలి. కేస్ భుజమే పట్టేస్తుంటే బుల్లెట్ పట్టేసిందని పొరబడతాం. ఒక్కో కొలతకి గంట పడుతుంది. కొన్ని బోల్ట్‌లు నిమిషంలో విడిపోతాయి, కొన్నిటికి ప్రత్యేక పనిముట్టు కావాలి, ఎజెక్టర్ పిన్ను కొట్టి తీయాలి. మీ బోల్ట్ రెండో రకమైతే, స్ప్రింగ్ ఎగిరి గరాజ్ మూలకి పోతే రాత్రంతా టార్చి పట్టుకుని వెతుక్కోవాల్సి వస్తుంది.

ఛాంబర్‌లో లోహం పోసి అచ్చు తీసే పద్ధతి కూడా ఉంది. సెర్రోసేఫ్ అనే మిశ్రమం 70 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది, పోశాక మొదటి అరగంట కుంచించుకుని, గంటకల్లా ఛాంబర్ సైజుకి తిరిగి వస్తుంది. పాత రైఫిల్ ఏ క్యాలిబరో తెలియనప్పుడు గన్‌స్మిత్‌లకి ఇది బంగారం. గట్టు ఎక్కడుందో థౌ లోపు తెలుసుకోవడానికి మాత్రం వద్దు. అందులో సీసం, కాడ్మియం ఉంటాయి, వంటింటి స్టవ్ మీద కరిగించేది అసలే కాదు.

మెడ చివరి మెట్టు కొలవడానికి ఉక్కు ప్లగ్ ఒకటి అమ్ముతారు. పొట్టిగా కోసిన కేస్ మూతిలో పెట్టి ఛాంబర్ చేస్తే, మెట్టు దాన్ని వెనక్కి నెట్టి అసలు పొడుగు చూపిస్తుంది. చవక వస్తువే. క్యాలిబర్‌కి ఒకటి కొని ఒక్కసారి కొలిచి రాసి పెట్టుకుంటే బ్యారెల్ మార్చేదాకా మళ్ళీ అక్కర్లేదు. చాలా ఛాంబర్లు పుస్తకం అంకె కంటే పొడుగ్గానే ఉంటాయి కాబట్టి 2.005కి కోసుకునేవాడికి ఇది లేకపోయినా ప్రమాదం లేదు.

ఎవరికి ఏది

ఒకే రైఫిల్, ఒకే రకం బుల్లెట్, మ్యాగజైన్‌లో పెట్టి కాల్చేవాడైతే ఏ గేజూ కొనక్కర్లేదని నా అభిప్రాయం. కంపారేటర్ కొని, రాడ్డు పద్ధతి ఒకసారి చేస్తే చాలు. ఎందుకంటే చివరికి పొడుగుని తేల్చేది గట్టు కాదు, మ్యాగజైన్. మావాడి విషయంలో గట్టుకి తాకేది 2.866 దగ్గర, మ్యాగజైన్‌లో పట్టేది 2.830. గట్టుకి 10 థౌల దూరంలో పెట్టాలని వాడు నెల రోజులు కలలు కన్నాడు, ఆ రౌండ్ మ్యాగజైన్‌లోకే దూరదు. స్కేలు పెట్టి మ్యాగజైన్ లోపలి పొడుగు ముందే కొలిచి ఉంటే ఆ నెల రోజులు మిగిలేవి.

నెలకో కొత్త బుల్లెట్ తెచ్చి ప్రయోగాలు చేసేవాడికి, రెండు మూడు రైఫిళ్ళు ఉన్నవాడికి మరల గేజ్ కొనడమే న్యాయం. ఒక్కో బుల్లెట్ ముక్కు వంపు వేరు, ప్రతి దానికీ మళ్ళీ కొలవాలి, రాడ్డుతో కూర్చుంటే ఆదివారం గడిచిపోతుంది. గేజ్‌తో పాటు హెడ్‌స్పేస్ కంపారేటర్ కూడా తీసుకోవాలి, లేకపోతే ఆ 5 థౌల కూడిక చేయలేరు. సెమీ ఆటోమేటిక్‌కి వంపుది తప్ప దారి లేదు.

పోటీల్లో ఒక్కో రౌండే చేత్తో పెట్టి కాల్చేవాడు, గట్టుకి దగ్గరగా పనిచేసేవాడు బోల్ట్ విప్పే పద్ధతి నేర్చుకోవాలి. గట్టుకి ఆనించి పెడితే ప్రెషర్ పెరుగుతుంది. అక్కడ 5 థౌలు అటా ఇటా అన్నది చిన్న సంగతి కాదు. అలాగని మరీ లోపలికి దించేస్తే కేస్‌లో ఖాళీ తగ్గి అటువైపు కూడా ప్రెషర్ పెరుగుతుంది. రెండు దిక్కులా గొయ్యి ఉంది. బుల్లెట్ లోతు మార్చినప్పుడల్లా మందు మోతాదుని కింది మెట్టు నుంచే మళ్ళీ మొదలుపెట్టాలని లోడింగ్ పుస్తకాలన్నీ చెప్పేది అందుకే.

ఎంత జంప్ పెట్టాలన్నది కొలత చెప్పదు, టార్గెట్ చెబుతుంది. గట్టుకి 20 థౌల వెనక మొదలుపెట్టడం చాలామంది చేసే పని. పొడుగు ముక్కు బుల్లెట్లకి 10, 50, 90, 130 థౌల దగ్గర వేరు వేరుగా కాల్చి చూడమని బర్జర్ కంపెనీ సలహా ఇస్తుంది. మావాడికి మ్యాగజైన్ పుణ్యమా అని 40 దగ్గర మొదలైంది, అక్కడే బాగా వచ్చింది కూడా.

మావాడు చివరికి కొన్నవి మూడు: కంపారేటర్ సెట్టు, హెడ్‌స్పేస్ ఇన్‌సర్ట్, రెండు స్టాప్ కాలర్లు. మరల గేజ్‌ని స్నేహితుడి దగ్గరే అరువు తెచ్చుకుంటున్నాడు. గీతలు పెట్టిన నోట్‌బుక్‌లో తేదీ, బుల్లెట్ లాట్ నంబరు, ఏ ఇన్‌సర్ట్, ఎన్ని రౌండ్లు కాలాక కొలిచిందీ రాస్తున్నాడు. చివరి అంకె చాలా ముఖ్యం. ప్రతి కాల్పుకీ వేడి వాయువు గొంతుని కొద్ది కొద్దిగా తింటుంది, గట్టు ముందుకి జరుగుతూ పోతుంది. మా లైనర్లు పైభాగంలో ఎక్కువ అరిగినట్టే.

మొన్న మెసేజ్ పెట్టాడు. నాలుగు వందల రౌండ్ల తర్వాత కొలిస్తే 2.249 వచ్చిందట, బుల్లెట్‌ని 4 థౌలు బయటికి లాగనా అని. గ్రూపు చెడిందా, అంటే టార్గెట్ మీద రంధ్రాలు దూరదూరంగా పడుతున్నాయా అని అడిగాను. లేదన్నాడు. "అయితే బుల్లెట్ దించే ఆ డై ముట్టుకోకు" అన్నాను. ఆ 4 థౌలలో రెండు వాడి బొటనవేలివి అని నా అనుమానం, వచ్చే ఆదివారం ఇరవైసార్లు కొలిపించాలి.